మార్కుల్లో దాగుడుమూతలు

అమెరికాలో కాలేజీ సీటుకు పరీక్షలు రెండేనని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. ఒకటి శాట్, 1600 మార్కులకు. ఇంకోటి యాక్ట్, 36కి. మూడోది కూడా ఉంది. దానికి సిలబస్ లేదు, హాల్ టికెట్ లేదు. రాసేది పిల్లలు కాదు, తల్లిదండ్రులు. వచ్చిన మార్కుల్లో ఏవి కాలేజీకి పంపాలి, ఏవి కడుపులో దాచుకోవాలి? ఇదే ఆ పరీక్ష. మొదటి రెండింటికీ కోచింగ్ సెంటర్లున్నాయి. మూడోదానికి గంటకింతని పుచ్చుకునే కౌన్సెలర్లున్నారు. వాళ్ల ఫీజు కట్టలేనివాళ్లకు వాట్సాప్ గ్రూపులున్నాయి. గ్రూపులో పదిమంది పది రకాలుగా చెప్పి తల తిరిగిపోయినవాళ్లకు ఇండియాలో మేనమామ ఉంటాడు.

ఆ మేనమామను నేనే.

డాలస్ పక్కన ఫ్రిస్కో అని ఊరుంది. కరివేపాకు కొనడం దగ్గర్నుంచి కార్యసిద్ధి హనుమంతుడి గుడిలో ప్రదక్షిణల దాకా తెలుగుతోనే రోజు గడిచిపోతుంది అక్కడ. మా మేనల్లుడి కాపురం ఆ ఊళ్లోనే. అతని కొడుకు పన్నెండో తరగతి. కుర్రాడు శాట్ మార్చిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి రాశాడు. మార్చిలో లెక్కల్లో 790, ఇంగ్లీషులో 640. ఆగస్టులో లెక్కల్లో 740, ఇంగ్లీషులో 720. ఇంగ్లీషు పెరిగినందుకు పాయసం వండాలో, లెక్కలు తగ్గినందుకు సంతాపసభ పెట్టాలో తేలక నాకు వీడియో కాల్ చేశారు.

డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్. అందులో ఎక్సెల్ షీటు. వరసకో కాలేజీ, గడికో రంగు. పచ్చరంగుంటే పంపాలి, ఎర్రరంగుంటే దాచాలి, పసుపురంగుంటే ఆలోచించాలి. తెర మొత్తం పసుపు పూసిన గడపలా ఉంది. ఆ షీటుకు ఓ పక్కన, విజిటర్ వీసా మీద వెళ్లిన మా అక్క చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది.

"మామయ్యా, మార్చివి పంపమంటావా, ఆగస్టువా?" అన్నాడు మేనల్లుడు.

"రెండూ పంపితే పోలా?"

అవతల ఎవరూ మాట్లాడలేదు. నెట్ పోయిందనుకున్నాను. పోలేదు. ఇంటి గుట్టు రోడ్డు మీద పెట్టమని సలహా ఇచ్చిన పెద్దమనిషిని చూసినట్టు చూస్తున్నారు నన్ను. "అన్నీ చెప్పేస్తే ఇంక స్ట్రాటజీ ఏముంటుంది మామయ్యా" అన్నాడు మెల్లగా. మా అక్క చిక్కుడుకాయ మీంచి తలెత్తకుండానే అందుకుంది: "వచ్చినవి వచ్చినట్టు రాసి పడేయండర్రా. మా రోజుల్లో టెన్త్ ఫలితాలు పేపర్లో వేసేవాడు. నంబరు ఉందా లేదా అని ఊరంతా కలిసి వెతికేది. అప్పుడెవడు దాచాడు, ఎక్కడ దాచాడు?" ఆవిడ మాట ఎక్సెల్‌లో ఏ గడిలోనూ పట్టలేదు. ఎవరూ పట్టించుకోలేదు.

నిజానికి 2009కి ముందు అమెరికాలోనూ ఈ రంధి లేదు. శాట్ నడిపే కాలేజ్ బోర్డు, పిల్లాడు ఎన్నిసార్లు రాస్తే అన్నిసార్ల మార్కులూ మూటగట్టి పంపేసేది. 2009లో స్కోర్ ఛాయిస్ అని కొత్త సదుపాయం పెట్టింది. ఏ తేదీ మార్కులు పంపాలో ఇక మీరే తేల్చుకోండి అంది. పిల్లల మీద ఒత్తిడి తగ్గించడానికట! ఒత్తిడి తగ్గిన మాట నిజమే. కాలేజ్ బోర్డుకు తగ్గింది. నచ్చని మార్కుల్ని దాచుకోవచ్చని తెలిశాక, మళ్లీ రాయడానికి వెనకాడేదెవడు? రాసిన ప్రతిసారీ దాదాపు 70 డాలర్లు. రాసి దాచుకోవడానికీ 70 డాలర్లే. చెప్పడం మరిచాను, అది లాభాపేక్ష లేని సంస్థ.

ఆ లాభాపేక్ష లేనితనం ఎలా పనిచేస్తుందో ఒక్క ముచ్చటతో తెలిసిపోతుంది. పరీక్ష రాసిన ప్రతివాడికీ నాలుగు కాలేజీలకు మార్కులు ఉచితంగా పంపే సౌకర్యం ఉంది. షరతు ఒకటే. పరీక్షైన 9 రోజుల్లోపు ఆ నాలుగు పేర్లూ చెప్పెయ్యాలి. మార్కులెప్పుడొస్తాయి? రెండు వారాలకు. అంటే ఎన్నొచ్చాయో తెలియకుండా కళ్లు మూసుకుని పంపితే ఉచితం. కళ్లు తెరిచి, చూసుకుని, బుర్ర పెట్టి పంపితే కాలేజీకి 15 డాలర్ల దాకా రుసుము. తొందరగా చేరాలంటే దానిమీద ఇంకొంత. పిల్ల పుట్టకముందే కుల్లా కుట్టేవాడికి కుట్టుకూలి మాఫీ అన్నమాట. కుట్టుపని వాళ్లదే కాబట్టి మనం అడగకూడదు.

మా మేనల్లుడు ఉచితం జోలికి పోలేదు. ఉచితంగా వస్తే మనవాళ్లు ఫినాయిల్ అయినా తాగుతారని అంటారు గానీ, మార్కుల విషయంలో అంత తెగింపు లేదు.

ఇక సూపర్‌స్కోర్. అమెరికా విద్యారంగం ప్రపంచానికి ఇచ్చిన అపురూపమైన కానుకల్లో ఇదొకటి. చాలా కాలేజీలు రెండు మూడు తేదీల మార్కుల్ని ముందేసుకుని, ఏ తేదీలో లెక్కలు బాగున్నాయో అందులోంచి లెక్కలు, ఏ తేదీలో ఇంగ్లీషు బాగుందో అందులోంచి ఇంగ్లీషు ఏరి కలిపేస్తాయి. మావాడి మార్చి మొత్తం 1430. ఆగస్టు మొత్తం 1460. సూపర్‌స్కోర్ మాత్రం 1510! మార్చిలోనూ లేని, ఆగస్టులోనూ లేని ఒక మూడో కుర్రాడు ఉన్నట్టుండి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాడు. తల్లిదండ్రులకు సొంత కొడుకు కంటే వాడే ఎక్కువ నచ్చాడు.

ఈ పద్ధతి మన పెళ్లి సంబంధాల్లోకి ఎప్పుడొస్తుందా అని కంగారుపడక్కర్లేదు, ఎప్పుడో వచ్చేసింది. అబ్బాయి ఫొటో జుట్టున్న రోజులది, జీతం ఆన్‌సైట్‌లో ఉన్నప్పటిది, పొలం తాతగారు పంపకాలు చెయ్యకముందుది. ముగ్గురు వేర్వేరు పెళ్లికొడుకుల్ని కలిపి కుట్టి పీటల మీద కూర్చోబెడతారు. పెళ్లయ్యాక ఇంటికొచ్చేది మాత్రం ఒక్కడే, అదీ తాజా తేదీవాడు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది, మా మేనల్లుడి పసుపు గడులన్నీ దాని పుణ్యమే. స్కోర్ ఛాయిస్‌లో ఎంచుకోగలిగేది తేదీని మాత్రమే. ఆ తేదీన ఇంగ్లీషు దాచి లెక్కలొక్కటే పంపుతానంటే కుదరదు. మార్చి 790 వెళ్లాలంటే దాని తోక పట్టుకుని 640 కూడా వెళ్లాల్సిందే. ఆ 640ని మేం లెక్కలోకి తీసుకోం అని కాలేజీ మాటిస్తుంది. ఎదురుగా కనబడుతున్న అంకెను చూడకుండా ఉండగల మహాయోగులు హిమాలయాల్లో ఉంటారని ఇన్నాళ్లూ అనుకున్నాను. అమెరికా అడ్మిషన్ ఆఫీసుల్లో ఉన్నారట.

జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం దగ్గర ఈ ఆటలు సాగవు. ఎన్నిసార్లు రాస్తే అన్నీ పంపమంటుంది. అది జెస్యూట్ పాదిరీలు స్థాపించిన విద్యాలయం. చేసినవన్నీ ఒప్పుకోమనడం వాళ్లకు వృత్తిధర్మం. మా మేనల్లుడు ఆ వరసను షీటులోంచి తీసేశాడు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. అసలు మార్కులే పంపక్కర్లేదు, మీ ఇష్టం అనే కాలేజీలు. మెయిన్ రాష్ట్రంలోని బౌడన్ కాలేజీ 1969లోనే ఈ మాట అంది. అప్పుడెవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2020లో కరోనా వచ్చి పరీక్షా కేంద్రాలు మూతపడేసరికి దాదాపు అందరూ ఆ మాటే అన్నారు. పంపితే పంపండి, పంపకపోతే మానండి, మేమేమీ అనుకోం! అమెరికావాడు ఏమీ అనుకోనంటే నిజంగానే అనుకోడేమో, తెలియదు. మన ఇళ్లలో మాత్రం "మేమేమీ అనుకోంలెండి" అన్న మాటకు అర్థం ఏమిటో పెళ్లికి వెళ్లకుండా ఉండిపోయిన ప్రతివాడికీ తెలుసు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, పంపకపోతే తక్కువొచ్చాయని చెప్పినట్టే గదా అని మా మేనల్లుడి బెంగ. మౌనం అర్ధాంగీకారమన్నది వాడు చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు సంస్కృతం ముక్కల్లో ఒకటి. అమెరికాలో పనికొచ్చింది అదొక్కటే.

మరి ఎంత వస్తే పంపాలి? దానికో కొలబద్ద ఉంది. కాలేజీలు ఏటా తమ దగ్గర చేరినవాళ్ల మార్కుల్ని ప్రకటిస్తాయి. పైన నూటికి పాతికమందిని, కింద పాతికమందిని వదిలేసి, మధ్యలో మిగిలిన సగం మంది మార్కులు ఎంత నుంచి ఎంత వరకు ఉన్నాయో చెబుతాయి. ఒక కాలేజీలో అది 1450 నుంచి 1550 అనుకుందాం. 1450 కంటే తక్కువొచ్చినవాడు, మనకెందుకులే అని దాచుకుంటాడు. పంపినవాళ్ల మార్కులే లెక్కలోకొస్తాయి కాబట్టి మరుసటేడు కింది అంకె 1480 అవుతుంది. ఇప్పుడు 1470 వచ్చినవాడు దాచుకుంటాడు. ఆ పై ఏడు అది 1500. ఇలా సాగితే ఓ నాటికి 1590 వచ్చిన పిల్ల కూడా సిగ్గుతో తలుపేసుకుంటుంది. ఇన్నేళ్లలో కాలేజీ కొత్తగా ఒక ప్రయోగశాల కట్టి ఉండదు, ఒక మంచి పంతులును తెచ్చి ఉండదు. పిల్లలు సిగ్గుపడే కొద్దీ దాని ప్రతిష్ఠ పెరుగుతూ ఉంటుంది, అంతే.

ఈ విద్యలో మన కార్పొరేట్ కాలేజీల ముందు హార్వర్డ్ అయినా ఓనమాలు దిద్దుకోవాల్సిందే. ఫలితాలొచ్చిన మర్నాడు పేపరు మొదటి పేజీలో పాస్‌పోర్టు ఫొటోల బారు, టీవీలో ఒకటి, ఒకటి, రెండు, మూడు అని గుక్క తిప్పుకోని అరుపు, కూడలి కూడలికీ ఫ్లెక్సీ. ఒకే పిల్లాడి ఫొటో రెండు పోటీ కాలేజీల ఫ్లెక్సీల మీద, ఒకే నవ్వుతో. నలభై వేల చిల్లర ర్యాంకు తెచ్చుకున్నవాడి ఫొటో మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా కనబడదు. వాడి పేరు ఫీజు రసీదు మీద ఉంటుంది. పై ర్యాంకుల్ని పేపరుకు పంపడం, కింది ర్యాంకుల్ని హాస్టల్లో దాచడం. స్కోర్ ఛాయిస్ 2009లో పుట్టిందని అమెరికావాళ్లు అనుకుంటే అది వాళ్ల అమాయకత్వం.

మన పిల్లలకు మాత్రం ఈ దాగుడుమూతల బాధ లేదు. జేఈఈ మెయిన్ జనవరిలోనూ ఏప్రిల్‌లోనూ రాసినవాడికి, రెండింటిలో ఏది మెరుగైతే దాన్ని వాళ్లే తీసుకుంటారు. ఎక్సెల్ షీటు అక్కర్లేదు. హైదరాబాద్‌లో జీఆర్ఈ రాసేవాళ్ల సంగతి కొంచెం వేరు. పరీక్ష అయ్యాక కంప్యూటర్ ఓ ప్రశ్న వేస్తుంది: మార్కులు ఉంచమంటారా, రద్దు చెయ్యమంటారా? ఎన్నో చూపించకముందే అడుగుతుంది! ఉంచమన్నవాడికే చూపిస్తుంది. ఆ ఒక్క క్షణంలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి తిరుపతి దాకా ఉన్న దేవుళ్లందరూ గుర్తొస్తారు. అయితే అక్కడ నాలుగు విశ్వవిద్యాలయాలకు ఉచితంగా పంపేది మార్కులు కళ్లారా చూసుకున్నాకే కాబట్టి, శాట్‌వాళ్ల కంటే వీళ్లు ధర్మాత్ములే. ఇప్పుడు చాలా కోర్సులకు జీఆర్ఈ కూడా అక్కర్లేదంటున్నారు గనక కన్సల్టెన్సీలవాళ్లు ఆ మాటనే బోర్డు మీద పెద్దక్షరాల్లో రాయించుకున్నారు. పరీక్ష లేకపోవడమే ఇప్పుడు అమ్మకపు సరుకు.

ఈ శాట్ పుట్టుక కూడా కాస్త చెప్పుకోవాలి. 1926లో మొదటిసారి పెట్టారు. రూపకర్త కార్ల్ బ్రిగమ్, ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్. అంతకు మూడేళ్ల ముందు ఆయన ఒక పుస్తకం రాశాడు. ఉత్తర ఐరోపా జాతులవాళ్లకు తెలివి ఎక్కువట, తక్కినవాళ్లు వలసొచ్చి అమెరికా తెలివిని పలచన చేసేస్తున్నారట. 1930లో తన వాదన తప్పని ఆయనే ఒప్పుకున్నాడు. పరీక్ష మాత్రం నిలిచింది. ఆయన ఇప్పుడు గనక బతికుంటే, శనివారం పొద్దున్నే ఫ్రిస్కోలో ఓ కోచింగ్ సెంటర్ బయట కారులో కూర్చోబెట్టాలని నా కోరిక. లోపల గుంటూరు పిల్లలు, కరీంనగర్ పిల్లలు ఆయన పరీక్షను నమిలి పిప్పి చేస్తుంటారు. బయట తండ్రులు ఫ్లాస్కులో టీ తాగుతూ, 1580 వచ్చినందుకు నిట్టూరుస్తుంటారు.

ఇంతకీ దాచుకున్న మార్కులు నిజంగా దాగాయా? టెక్సాస్ విశ్వవిద్యాలయం 2024 మార్చిలో పరీక్షను మళ్లీ తప్పనిసరి చేస్తూ ఒక లెక్క బయటపెట్టింది. మార్కులు చూడమని పంపినవాళ్ల మధ్యస్థ అంకె 1420. చూడొద్దన్నవాళ్లది 1160. చూడొద్దన్నవాళ్ల అంకె వాళ్లకెలా తెలిసిందని మా మేనల్లుడు గుడ్లు తేలేశాడు. తెలిసింది, అంతే. దుప్పటి ముసుగేసుకుంటే మనకు లోకం కనబడదు గానీ, లోకానికి మంచం కనబడుతూనే ఉంటుంది.

ఇక్కడిదాకా నవ్వొచ్చే కథే. డార్ట్‌మత్ కాలేజీ చెప్పింది వింటే అంత నవ్వు రాదు. 2024 ఫిబ్రవరిలో వాళ్లూ పరీక్షను వెనక్కి తెచ్చారు. తమ ఆచార్యులు అధ్యయనం చేస్తే తేలిందేమిటంటే, కాలేజీ మొహం చూడని ఇళ్ల నుంచి, వెనకబడిన బడుల నుంచి వచ్చిన పిల్లలు కొందరు 1400 దరిదాపుల్లో వచ్చిన మార్కుల్ని తక్కువనుకుని దాచుకున్నారు. పంపి ఉంటే వాళ్లకు సీటు వచ్చే అవకాశం పెరిగేది. ఆ బడిలో, ఆ పరిస్థితిలో 1400 అంటే ఎంత గొప్పో చూడగల కళ్లు ఆ ఆఫీసులో ఉన్నాయి, కానీ అక్కడిదాకా కాగితం వెళ్లలేదు. ప్రకటించిన అంకెల్లో 1500 చూసి, మనం అందుకు తగమనుకుని వెనక్కి తగ్గారు. పేద పిల్లలకు పరీక్ష ఫీజు మాఫీ ఉంది, మార్కులు పంపే ఫీజూ మాఫీయే. పంపరా అబ్బాయ్ అని చెప్పే మనిషికి మాత్రం మాఫీ లేదు, వాడు గంటల లెక్కన దొరుకుతాడు. పరీక్ష పేదవాడికి అడ్డమని తీసేసిన పెద్దలకు, పరీక్ష లేకపోతే పేదవాడికి ఇంకా పెద్ద అడ్డమని తెలుసుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు ఎవరూ ఉత్తరం రాసినట్టు లేరు.

ఎంఐటీ 2022లోనే వెనక్కి తిరిగింది. తర్వాత యేల్, బ్రౌన్, హార్వర్డ్ తలో కారణం చెప్పి అదే దారి పట్టాయి. యేల్ మాత్రం శాటో యాక్టో కాకపోతే, బడిలో చదివే పై స్థాయి కోర్సులైన ఏపీ మార్కులైనా, ఐబీ మార్కులైనా ఇవ్వమంది. ఈ వార్త చదివి మా మేనల్లుడు షీటులో ఇంకో రెండు వరసలు అడ్డంగా చేర్చాడు.

చివరికి తెగింపు చేసింది కుర్రాడే. ఆ రాత్రి కూర్చుని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం దరఖాస్తు నింపేశాడు. బర్క్లీ ఒకటి, శాన్ డియాగో ఒకటి. మర్నాడు మళ్లీ వీడియో కాల్. తండ్రి మొహం వాడిపోయి ఉంది.

"అక్కడ శాట్ చూడరట మామయ్యా."

"పంపకపోయినా పరవాలేదంటారు, అదేగా?"

"కాదు. పంపినా చూడరట. 1600 వచ్చినా సరే, సీటిచ్చేటప్పుడు తీసి పక్కన పెడతారట. చేరాక ఏ క్లాసులో కూర్చోబెట్టాలో చూడ్డానికి పనికొస్తే రావచ్చట."

"మంచిదేగా. ఏది పంపాలన్న బాధ తీరింది."

"బాధ తీరడమేమిటి మామయ్యా! బయటి రాష్ట్రం పిల్లలకు మామూలు ఫీజు కాక ఏడాదికి 37 వేల డాలర్ల పైనే అదనం. అంత కట్టి, 1510ని ఎవరికీ చూపించకుండా చేరాలా?"

కుర్రాడు వెనకాల సెరియల్ తింటున్నాడు. "డాడ్, 1510 నాకు ఎప్పుడూ రాలేదు" అన్నాడు. ఆ ఇంట్లో ఈ విషయం మీద ఆరు వారాలుగా వినబడిన మాటల్లో నిజమైన మాట అదొక్కటే అనుకుంటాను.

తండ్రి వినిపించుకోలేదు. ఇంటి ముందు గడ్డిలో చిన్న బోర్డు పెట్టుకుంటే ఎలా ఉంటుందంటాడు. పేరు అక్కర్లేదట, ఫొటో అక్కర్లేదట, అంకె చాలట. వచ్చేపోయే మనవాళ్లకు అర్థమవుతుందట.

"కాలనీ అసోసియేషన్ వాళ్లు ఊరుకోరండీ" అంది కోడలు వంటింట్లోంచి. "మొన్న సంక్రాంతికి ముగ్గేస్తేనే నోటీసు పంపారు."